దేవుని పేరు లేని ప్రసంగవేదిక: అమెరికాలో మతపరమైన మానవవాదపు తొలి చరిత్ర – ఒక దైవశాస్త్ర విమర్శ

1. ఉపోద్ఘాతము

మానవవాదము అనే మాట వినగానే తెలుగు పాఠకునికి ఎం.ఎన్. రాయ్ 1947లో ప్రకటించిన నవ్య మానవవాదము, ఆ భావాలకు ఆకర్షితులైన త్రిపురనేని గోపీచంద్, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా గుర్తుకు వస్తారు. అందువలన మానవవాదము మతానికి వెలుపల పుట్టి, వెలుపలి నుండే మతాన్ని ప్రశ్నించిన ఆలోచన అనే అభిప్రాయము మన సంఘాలలో స్థిరపడింది. వేదాంత విద్యాలయాలలో కూడ దానిని విశ్వాస సమర్థన పాఠాలలో, ఎదుర్కొనవలసిన వాదాల జాబితాలో ఒకటిగా చేర్చి ముగించడం పరిపాటి.

చరిత్ర పూర్తిగా అలా లేదు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అమెరికాలో ఒక మానవవాదము తనను తాను మతమని పిలుచుకొన్నది. దాని తొలి బోధకులు అభిషేకము పొందిన కాపరులు. వారు మాట్లాడినది ఆదివారపు ఆరాధనలో, తమ సంఘస్థుల ఎదుట. వారిలో ఒకరు రిఫార్మ్‌డ్ సంఘము నుండి, ఇద్దరు బాప్టిస్టు సంఘాల నుండి వచ్చినవారు. అనగా ఆ ఉద్యమము మన ఇంటిలోనే పుట్టిన బిడ్డ. ఇల్లు విడిచి వెళ్లిన బిడ్డ ఎందుకు వెళ్లాడో అడుగకుండా అతనిని శత్రువుల లెక్కలో వేయడము తండ్రికి తగదు.

ఈ వ్యాసములో మేము 1867 మొదలుకొని 1941 వరకు ఆ ఉద్యమము నడిచిన దారిని క్లుప్తముగా చూచి, 1933లో వెలువడిన మానవవాద మేనిఫెస్టోను ఒక విశ్వాస ప్రమాణమును పరీక్షించినట్లుగా పరీక్షించదలచాము. మా వాదము ఇది. ఆ బోధకులు లేవనెత్తిన మూల ప్రశ్న నిజాయితీకి సంబంధించినది: తాను నమ్మని ప్రార్థనను బోధకుడు సంఘము చేత చేయించవచ్చునా? సంఘము ఆ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పించుకొన్నది. అయితే వారు తమకు తాము చెప్పుకొన్న జవాబు కూడ రెండు చోట్ల మనిషికి చాలకపోయింది. తప్పు చేసినవాడు దానిని ఒప్పుకొనే చోట ఒకటి, దుఃఖించేవాడు మొరపెట్టే చోట మరొకటి.

పదాలను గూర్చి ఒక మాట. మానవత్వము అనగా దయ, సానుభూతి అనే గుణము. మానవవాదము అనగా మానవ జీవితమే విలువలకు ఆధారమనీ, గమ్యమనీ చెప్పే సిద్ధాంతము. ఆ సిద్ధాంతాన్ని ఆరాధన, సంఘము, ప్రసంగము అనే రూపాలలో ఆచరించిన ఉద్యమాన్ని ఇక్కడ మతపరమైన మానవవాదము అంటున్నాము.

2. పూర్వరంగము

1865లో అమెరికాలోని యూనిటేరియన్ సంఘాలు న్యూయార్కులో ఒక జాతీయ సమాఖ్యగా ఏర్పడినప్పుడు తమ నిబంధనావళి పీఠికలో యేసుక్రీస్తు ప్రభుత్వాన్ని అంగీకరించే మాటలను చేర్చాయి. త్రిత్వమును నిరాకరించిన సంఘాలకు సైతం ఒక కనీసపు క్రైస్తవ గుర్తింపు అవసరమని వారి ఉద్దేశము. ఆ మాటలను మార్చాలని ఫ్రాన్సిస్ ఎలింగ్‌వుడ్ ఆబట్ 1866లో సిరక్యూస్ సభలో కోరి విఫలులయ్యారు. మరుసటి సంవత్సరము బోస్టన్‌లో ఫ్రీ రిలిజియస్ అసోసియేషన్ ఏర్పడింది. ఆక్టేవియస్ బ్రూక్స్ ఫ్రాతింగమ్ దానికి మొదటి అధ్యక్షులు. మతానికి ఏ ఒక్క ప్రవక్త పేరూ, ఏ ఒక్క గ్రంథపు అధికారమూ అక్కరలేదన్నది వారి తలంపు. గమనించవలసినదేమనగా వీరు దేవుని నిరాకరించలేదు. దేవుని గూర్చిన ఒప్పుకోలును సభ్యత్వానికి షరతుగా పెట్టడాన్ని నిరాకరించారు.

రెండవ పాయ యూదు సమాజము నుండి వచ్చింది. న్యూయార్కులోని ఇమ్మాను-ఎల్ మందిరపు రబ్బీ శామ్యూల్ అడ్లర్ కుమారుడు ఫీలిక్స్ అడ్లర్. తండ్రి స్థానానికి రావలసిన ఆ యువకుడు 1873లో అదే మందిరములో యూదు మత భవిష్యత్తును గూర్చి ప్రసంగించిన తరువాత ఆ మార్గము విడిచి, 1876లో ఎథికల్ కల్చర్ సొసైటీని ఆరంభించారు. సిద్ధాంతములో ఏకాభిప్రాయము లేకపోయినా నీతిక్రియలో ఏకము కావచ్చునన్నది ఆయన బోధ. ఆ సమాజము పేదల ఇండ్లకు నర్సులను పంపింది. 1878లో శ్రామికుల పిల్లలకు ఉచిత కిండర్‌గార్టెన్ తెరిచింది. తరువాతి మానవవాదులు తమ సామాజిక దృష్టిని చాలవరకు ఇక్కడ నేర్చుకొన్నారు.

మూడవది మధ్య పశ్చిమ రాష్ట్రాలలోని వెస్టర్న్ యూనిటేరియన్ కాన్ఫరెన్సు. 1886లో అక్కడ తీవ్రమైన వివాదము చెలరేగింది. దేవునియందలి విశ్వాసమును సమాఖ్యకు ఆధారముగా స్పష్టముగా ప్రకటించాలని జేబెజ్ సండర్లాండ్ పట్టుబట్టారు. భారతదేశపు స్వపరిపాలనను సమర్థిస్తూ ‘ఇండియా ఇన్ బాండేజ్’ అనే గ్రంథము రాసిన సండర్లాండ్ ఈయనే. సమాఖ్య ఆయన మాట వినలేదు. 1887లో విలియం చానింగ్ గానెట్ కూర్చిన ఒక ప్రకటన, సాధారణముగా తమలో నమ్మబడే సంగతులను చెప్పినా, వాటిని ఎవరిమీదా నియమముగా విధించలేదు. తలుపు తెరిచి ఉంచబడింది. ముప్పది సంవత్సరాల తరువాత ఆ తలుపులో నుండియే మానవవాద బోధకులు లోపలికి వచ్చారు.

3. ముగ్గురు బోధకులు

జాన్ హెచ్. డీట్రిక్ 1878లో పెన్సిల్వేనియా రాష్ట్రములో, రిఫార్మ్‌డ్ సంఘానికి చెందిన కుటుంబములో జన్మించారు. ఆ సంఘపు విద్యాలయాలలో చదివి 1905లో పిట్స్‌బర్గ్‌లో కాపరి అయ్యారు. ఆయన ఆరాధన క్రమాన్ని మార్చారు. తాను మనసారా చెప్పలేని అపొస్తలుల విశ్వాస ప్రమాణమును చెప్పించడము మానివేశారు. 1911లో ఆయనపై తప్పుబోధ నేరము మోపబడింది. లేఖనాల నిర్దోషత్వము, కన్యగర్భ జననము, యేసు దైవత్వము, ప్రాయశ్చిత్తపు సాంప్రదాయిక వివరణ – వీటిని నమ్మడము లేదన్నది అభియోగము. డీట్రిక్ తన పక్షమున వాదించుకొనలేదు. ఆయన కాపరి పదవి తొలగించబడింది.

ఈ విచారణ మనలను ఆగి ఆలోచింపజేయాలి. సంఘానికి తన బోధను కాపాడుకొనే హక్కు ఉన్నది. ఆ హక్కును మేము కాదనడము లేదు. కాని అభియోగ పత్రములోని అంశాలన్నీ ఆయన ఏమి నమ్మడము లేదన్న దానిని గూర్చినవే. నమ్మలేని మాటలను నమ్మినట్లు పలుకనన్న ఆయన మనస్సాక్షికి జవాబేమిటో అందులో లేదు. పాత నిబంధనలోని యోబు గ్రంథము చివరి అధ్యాయములో దేవుడు ఎవరిని మందలించాడో మనకు తెలుసు. తనతో వాదించిన యోబును గాక, తన పక్షమున సిద్ధమైన సమాధానాలు వల్లించిన స్నేహితులనే మందలించాడు.

డీట్రిక్ అదే సంవత్సరము వాషింగ్టన్ రాష్ట్రములోని స్పోకేన్ నగరపు యూనిటేరియన్ సంఘానికి వెళ్లారు. సుమారు 60 మంది ఉన్న ఆ సంఘము ఆయన కాలములో 1500కు పెరిగిందని చెబుతారు. వారు కూడుకొనడానికి ఒక నాటకశాల కావలసి వచ్చింది. 1916లో మినియాపోలిస్ వెళ్లి 1938 వరకు అక్కడ పనిచేశారు. మానవవాదము అనే పేరును ఆయన 1915 ప్రాంతములో, ఇంగ్లండులోని నైతిక సమాజాల పత్రికలో ఫ్రెడరిక్ జేమ్స్ గూల్డ్ రాసిన వ్యాసము చదివి స్వీకరించారు. గూల్డ్ అగస్టు కోంత్ అనుయాయి. దేవుని స్థానములో మానవజాతిని నిలిపి, దానికి పంచాంగమునూ, పరిశుద్ధుల జాబితానూ కల్పించిన ఫ్రెంచి తత్త్వవేత్త కోంత్. ఆ ఆలోచన ఈ విధముగా అట్లాంటిక్ దాటి ఒక మాజీ రిఫార్మ్‌డ్ కాపరి ప్రసంగవేదిక ఎక్కింది. మినియాపోలిస్ ఆరాధనలో ప్రార్థన తొలగిపోయింది. సంగీతము, పఠనము, సుదీర్ఘమైన ప్రసంగము మిగిలాయి.

కర్టిస్ రీస్ 1887లో నార్త్ కరోలినాలో సదరన్ బాప్టిస్టు కుటుంబములో పుట్టి, లూయిస్‌విల్‌లోని సదరన్ బాప్టిస్టు థియలాజికల్ సెమినరీలో చదివారు. బైబిలు విమర్శను అక్కడ చదువుకొన్న తరువాత ఆయనకు తన సంఘములో కొనసాగడము కష్టమైంది. 1913లో యూనిటేరియన్ కాపరి అయ్యారు. డి మోయిన్‌లో పనిచేసిన కాలములో అయోవా రాష్ట్రపు గృహవసతి చట్టము కోసము కృషి చేశారు. దేవుని రాజుగా, మనుష్యులను ప్రజలుగా చూపే మతము రాజరికపు రోజులకు చెందినదనీ, ప్రజాస్వామ్యానికి ప్రజాస్వామిక మతము కావాలనీ ఆయన వాదన. 1917లో డి మోయిన్‌లో జరిగిన వెస్టర్న్ కాన్ఫరెన్సు సమావేశములో ఆయనా డీట్రిక్ కలుసుకొన్నారు. ఇద్దరూ వేరువేరు పేర్లతో ఒకే సంగతి చెబుతున్నామని అక్కడ గ్రహించారు. 1919లో రీస్ ఆ కాన్ఫరెన్సుకు కార్యదర్శి అయ్యారు. ఉద్యమానికి డీట్రిక్ స్వరమిస్తే రీస్ నిర్మాణమిచ్చారు. 1927లో ఆయన సంపాదకత్వములో ‘హ్యూమనిస్ట్ సెర్మన్స్’ అనే ప్రసంగ సంకలనము వెలువడింది. ఉద్యమపు తొలి ముఖ్య గ్రంథము ప్రసంగాల సంపుటి కావడము యాదృచ్ఛికము కాదు.

మూడవవారు చార్లెస్ ఫ్రాన్సిస్ పాటర్. ఈయన కూడ బాప్టిస్టు కాపరిగా ఆరంభించి యూనిటేరియన్ అయినవారే. న్యూయార్కులో ఛాందసవాద బాప్టిస్టు నాయకుడు జాన్ రోచ్ స్ట్రాటన్‌తో 1923–24లో చేసిన బహిరంగ వాదాలు ఆయనను ప్రసిద్ధునిగా చేశాయి. 1925లో పరిణామ సిద్ధాంతపు బోధనపై జరిగిన స్కోప్స్ విచారణలో ప్రతివాది న్యాయవాది క్లారెన్స్ డారోకు బైబిలు విషయాలలో సలహాదారుగా ఉన్నారు. 1929లో న్యూయార్కులో ఫస్ట్ హ్యూమనిస్ట్ సొసైటీ స్థాపించి, మరుసటి సంవత్సరము మానవవాదమును నూతన మతముగా ప్రకటించే గ్రంథము ప్రచురించారు. డీట్రిక్, రీస్ సంఘములో నుండి సంఘాన్ని మార్చాలనుకొన్నారు. పాటర్ కొత్త సంఘము పెట్టారు.

4. డెట్రాయిట్, 1921

1921లో డెట్రాయిట్‌లో జరిగిన యూనిటేరియన్ జాతీయ సభలో రెండు పక్షాలు ముఖాముఖి నిలిచాయి. మతము యొక్క భవిష్యత్తును గూర్చి డీట్రిక్ మాట్లాడారు. ఒకప్పుడు రోమన్ కథోలిక గురువైన విలియం సల్లివన్ దేవునియందలి విశ్వాసము పక్షమున మాట్లాడారు. దేవుని ఒప్పుకొనే తీర్మానము ఒకటి సభ ముందుకు వస్తుందని పలువురు ఎదురుచూశారు. అది రాలేదు. మానవవాదులు సమాఖ్యలోనే ఉండిపోయారు.

1911లో పిట్స్‌బర్గ్ చేసినదీ, 1921లో డెట్రాయిట్ చేసినదీ ప్రక్కప్రక్కన పెట్టి చూడదగినవి. మొదటి సంఘము బోధకుని తొలగించి ప్రశ్నను మరచింది. రెండవది బోధకుని ఉంచుకొన్నది, కాని ప్రశ్నకు తీర్పు చెప్పలేదు. ఒకే సమాఖ్యలో ఒకరు దేవునికి ప్రార్థించగా మరొకరు ప్రార్థనను విడిచిపెట్టవచ్చునని ఊరకుండుట సహనమని తోచవచ్చు. కాని ప్రార్థన నిజమైనదైతే అది చేయకపోవడము చిన్న సంగతి కాదు. అబద్ధమైతే చేయడము చిన్న సంగతి కాదు. ఆ భేదము ఇంత గొప్పదని చెప్పడానికి మానవవాదులకు ఉన్నపాటి ధైర్యము ఆనాటి ఉదారవాద ఆస్తికులలో అనేకులకు లేకపోయిందని మా అభిప్రాయము.

అదే సంవత్సరాలలో, అదే డెట్రాయిట్ నగరములో, బెతెల్ ఇవాంజెలికల్ సంఘానికి కాపరిగా ఒక యువకుడు ఉన్నారు. ఆయన పేరు రైన్‌హోల్డ్ నీబర్. 1915 నుండి 1928 వరకు మోటారు కర్మాగారాల శ్రామికుల జీవితాన్ని దగ్గరగా చూచి ఆయన చేరిన నిర్ణయము మానవవాదుల నిర్ణయానికి ఎదురుగా నిలిచింది. దానిని క్రింద చూస్తాము.

5. 1933 మేనిఫెస్టో

1920ల చివరిలో చికాగో విశ్వవిద్యాలయము, మీడ్‌విల్ వేదాంత పాఠశాలల విద్యార్థులు ఒక మానవవాద సహవాసముగా ఏర్పడి 1928లో ‘ది న్యూ హ్యూమనిస్ట్’ అనే చిన్న పత్రికను ఆరంభించారు. చికాగోలో మతాల చరిత్ర బోధించిన ఎ. యూస్టస్ హేడన్ వారికి గురువు. 1933లో వెస్టర్న్ కాన్ఫరెన్సు కార్యదర్శి రేమండ్ బ్రాగ్ కోరికపై మిషిగన్ విశ్వవిద్యాలయపు తత్త్వశాస్త్ర ఆచార్యులు రాయ్ వుడ్ సెల్లార్స్ ఒక ముసాయిదా రాశారు. అది చేతులు మారి, సవరింపబడి, 15 అంశాల ప్రకటనగా ఆ పత్రిక మే–జూన్ సంచికలో వెలువడింది. సంతకము చేసినవారు 34 మంది. వారిలో సుమారు సగము మంది యూనిటేరియన్ కాపరులు. ఒక యూనివర్సలిస్టు కాపరి, ఒక రబ్బీ ఉన్నారు. తత్త్వవేత్త జాన్ డ్యూయీ పేరు అందరిలో ప్రసిద్ధమైనది. సంతకము చేయ నిరాకరించినవారూ ఉన్నారు. తత్త్వవేత్త ఎఫ్.సి.ఎస్. షిల్లర్, మోషేకు పది ఆజ్ఞలు చాలగా వీరికి పదిహేను కావలసి వచ్చాయని పరిహాసము చేశారు.

మేనిఫెస్టో సారాంశము ఇది. విశ్వము సృజింపబడినది కాదు, స్వయముగా ఉన్నది. మనిషి ప్రకృతిలో భాగము. అతని మతము కూడ సమాజ పరిణామములో పుట్టినదే. విలువలకు ప్రకృతికి అతీతమైన హామీ ఏదీ లేదు. ఆస్తికవాదానికే గాక, సైన్సుతో రాజీపడజూచే ఆధునికవాదానికి కూడ కాలము చెల్లింది. శ్రమ, కళ, విజ్ఞానము, స్నేహము, ప్రేమ, వినోదము అన్నీ మతములోనివే. పవిత్రము, లౌకికము అనే భేదము ఇక నిలువదు. పూర్వపు ఆరాధన, ప్రార్థనల స్థానములో వ్యక్తి జీవితపు గాఢమైన స్పృహ, సమాజ క్షేమము కొరకు సహకార కృషి రావాలి. జీవితపు సంక్షోభాలను వాటి సహజత్వాన్ని, సంభావ్యతను ఎరిగి ఎదుర్కొనుట మనిషి నేర్చుకొంటాడు. లాభాపేక్షపై నిలిచిన సమాజము సరిపోదని రుజువైంది. సహకార ఆర్థిక వ్యవస్థ కావాలి. తన కలల లోకాన్ని సాధించే బాధ్యతా శక్తీ మనిషిలోనే ఉన్నాయి.

ఈ పత్రము ఎప్పుడు పుట్టిందో మరువరాదు. అమెరికా శ్రామికులలో నలుగురిలో ఒకరికి పని లేదు. ఆ మార్చిలో దేశమంతటా బ్యాంకులు మూతబడ్డాయి. ఆ జనవరి 30న జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చాడు. ఆకలి నడుమ ఆర్థిక న్యాయాన్ని మతపు విధిగా ప్రకటించినందుకు సంతకము చేసినవారిని మెచ్చుకొనాలి. ఆ సంవత్సరము ఎన్ని క్రైస్తవ ప్రసంగవేదికలు అంత స్పష్టముగా మాట్లాడాయి?

6. విమర్శ

మేనిఫెస్టోను బైబిలు వాక్యాలతో కొట్టివేయడము సులభము. దాని వలన ఎవరికీ ప్రయోజనము లేదు. అది తానే పెట్టుకొన్న కొలతతోనే దానిని కొలుద్దాము. మానవ జీవితపు సంపూర్ణ వికాసము మతానికి గమ్యమని అది చెప్పింది. మనిషి జీవితములోని ముఖ్యమైన సంగతులన్నిటికీ అందులో చోటున్నదా?

మొదటిది, అపరాధము. 15 అంశాలలో అజ్ఞానము ఉన్నది, పాతబడిన ఆచారము ఉన్నది, అన్యాయమైన ఆర్థిక వ్యవస్థ ఉన్నది. పాపము లేదు. మనిషి మంచిని ఎరిగియుండీ చెడు చేస్తాడన్న సంగతి, రోమా పత్రిక ఏడవ అధ్యాయములో పౌలు తనను గూర్చి ఒప్పుకొన్న సంగతి, అందులో ఎక్కడా కనబడదు. అందుచేత మార్పు తెచ్చేది విద్య, సహకారము మాత్రమే అయ్యాయి. నీబర్ 1932లో ప్రచురించిన ‘మోరల్ మ్యాన్ అండ్ ఇమ్మోరల్ సొసైటీ’ ఈ బలహీనతను ముందే పట్టుకొన్నది. వ్యక్తులు కొంతవరకు స్వార్థాన్ని జయించగలిగినా, వర్గాలు, జాతులు, దేశాలు తమ స్వార్థాన్ని నీతి మాటలతోనే కప్పుకొంటాయనీ, చదువు ఆ ముసుగును మరింత నేర్పుగా నేయగలదనీ ఆయన చూపించారు. మే 10న బెర్లినులో పుస్తకాలు తగులబెట్టినవారిలో విశ్వవిద్యాలయ విద్యార్థులు ముందున్నారు. విద్య వారిని ఆపలేదు.

ఇది మా ఆరోపణ మాత్రమే కాదు. 1973లో పాల్ కర్ట్జ్, ఎడ్విన్ విల్సన్ రూపొందించిన రెండవ మేనిఫెస్టో, మొదటిది మితిమీరిన ఆశాభావముతో ఉన్నదని తన ఆరంభములోనే ఒప్పుకొని నాజీల క్రూరత్వమును ప్రస్తావించింది. ఆ ఒప్పుకోలు గౌరవించదగినది. అయితే ఆశాభావము ఎక్కువైనదన్నది లెక్కలో పొరపాటును దిద్దుకొనడము వంటిది. మేమే తప్పు చేయగలవారము, మమ్మును క్షమించుము అని చెప్పడము వేరు. ఆ రెండవ మాట చెప్పడానికి వినేవాడొకడు కావాలి.

ఇక్కడ న్యాయముగా మన పక్షమును కూడ చూడాలి. 1934 మే నెల చివరిలో బార్మెన్‌లో కూడిన జర్మను సంఘ ప్రతినిధులు, ప్రధానముగా కార్ల్ బార్త్ రాసిన ఆరు అంశాల ప్రకటనను అంగీకరించారు. క్రీస్తు తప్ప వేరొక ప్రభువు సంఘానికి లేడని అది హిట్లర్ ఎదుట చెప్పింది. చికాగో పత్రములో లేని ఎదిరింపు బార్మెన్ పత్రములో ఉన్నది. కాని హింసింపబడుతున్న యూదులను గూర్చి బార్మెన్ ఒక్క మాట పలుకలేదు. బార్త్ తరువాతి కాలములో దీనిని తన అపరాధముగా ఒప్పుకొన్నారు. సరియైన సిద్ధాంతము సరియైన ప్రేమకు హామీ కాదు. పొరుగువాని రక్తమును గూర్చి మౌనముగా ఉన్న ఒప్పుకోలు చేతబట్టి మనము మానవవాదులకు పాఠము చెప్పబూనడము తగదు.

రెండవది, దుఃఖము. సంక్షోభాలను వాటి సహజత్వమునుబట్టి ఎదుర్కొనాలన్న పదకొండవ అంశము తరగతిలో చదివించినప్పుడు విద్యార్థులు సాధారణముగా అభ్యంతరము చెప్పరు. అది వివేకమైన మాటే. కాని సమాధుల తోటలో బిడ్డను పూడ్చిన తల్లి ప్రక్కన నిలిచిన కాపరి ఎవరైనా దానిని ఆమెతో చెప్పగలడా? మరణము సహజమని ఆమెకు తెలియక ఏడ్వడము లేదు. తెలిసే ఏడ్చుచున్నది. కీర్తనల గ్రంథములో సుమారు మూడవ వంతు విలాప కీర్తనలు. ఇరువది రెండవ కీర్తనలో భక్తుడు దేవుడు తనను విడిచాడని దేవునికే ఫిర్యాదు చేస్తాడు. ఫిర్యాదుకు తావిచ్చే మతములో మాత్రమే దుఃఖానికి పూర్తి స్వేచ్ఛ ఉన్నది. సంబోధింపబడేవాడు లేనప్పుడు దుఃఖము ఓర్చుకొనవలసిన విషయము మాత్రమే అవుతుంది.

మూడవది, ఆ పత్రములోని మనిషి ఎవరు? సంతకము చేసిన 34 మందీ పురుషులే. వారిలో అధికులు ప్రసంగవేదికో విశ్వవిద్యాలయ పీఠమో ఉన్నవారు. ఈజిప్టు దాస్యమును తలచుకొంటూ పాడిన అమెరికా నల్లజాతి సంఘాలకు విడిపించే దేవుడు ఎందుకు కావలసి వచ్చాడన్న ప్రశ్న ఆ పత్రములో వినబడదు. దేవుని రాజుగా చెప్పుట రాజరికపు శేషమని రీస్ అన్నారు. బానిసకు మాత్రము దేవుడే రాజు అనడములో యజమాని రాజు కాడన్న శుభవార్త ఉన్నది. మన తెలుగు సంఘాలలో అధిక సంఖ్యాకులైన దళిత విశ్వాసులకు ఈ సంగతి వివరించనక్కరలేదు.

7. తరువాతి దారి

1934లో డ్యూయీ ‘ఎ కామన్ ఫెయిత్’ ప్రచురించి, ఆదర్శానికీ వాస్తవానికీ నడుమ పనిచేసే సంబంధానికి దేవుడు అనే మాట వాడవచ్చునన్నారు. ఆయనతోపాటు సంతకము చేసిన కొందరికే అది రుచించలేదు. 1941లో అమెరికన్ హ్యూమనిస్ట్ అసోసియేషన్ ఏర్పడగా రీస్ మొదటి అధ్యక్షులయ్యారు. 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ మానవవాద సంఘము స్థాపించబడినప్పుడు ఆ అమెరికన్ సంస్థా, రాయ్ నాయకత్వములోని భారత రాడికల్ హ్యూమనిస్టులూ ఒకే బల్ల వద్ద కూర్చున్నారు. మన దేశపు మానవవాదము వేరు మార్గమున వచ్చినదే అయినా రెండు నదులు అక్కడ కలిశాయి. క్రమముగా ఉద్యమములో మతము అనే మాట సన్నగిల్లింది. ఆరాధన లేని సమాజానికి ప్రతి ఆదివారము కూడుకొనవలసిన కారణము చెప్పడము కష్టమైంది. డీట్రిక్ తన చివరి సంవత్సరాలలో, హేతువుపై తాను పెట్టుకొన్న సంపూర్ణ ఆధారము సంకుచితమైనదని ఒప్పుకొన్నారు. ఆ మాట విని మనము విజయధ్వని చేయనక్కరలేదు. 1911లో ఏ నిజాయితీ ఆయనను బయటికి పంపిందో అదే నిజాయితీ చివరిలో ఆ మాట పలికించింది.

8. ముగింపు

మానవవాదులతో పోట్లాటకే పరిమితము కాకుండా సంభాషించిన భారత దైవశాస్త్రజ్ఞులు ఎం.ఎం. థామస్. 1971లో ‘సాల్వేషన్ అండ్ హ్యూమనైజేషన్’ గ్రంథములో ఆయన రక్షణకూ మానవీకరణకూ గల సంబంధాన్ని అడిగారు. లెస్లీ న్యూబిగిన్ ఆయనతో విభేదించారు. ఆ వాదము చల్లారినా ప్రశ్న చల్లారలేదు. అవతారమును నమ్మే సంఘము మనిషి పక్షమున నిలువకపోతే, మనిషి పక్షమున నిలువడానికి దేవుని విడిచిపెట్టవలెనని తలచేవారు మరల పుడతారు.

చివరిగా ప్రసంగము సిద్ధపరచుకొనే మా విద్యార్థులకూ, కాపరులకూ ఒక పరీక్షను సూచిస్తున్నాము. మీరు రాసికొన్న ప్రసంగములో దేవుని పేరు ఉన్నచోటులన్నీ కొట్టివేసి తిరిగి చదవండి. కష్టపడండి, క్రమశిక్షణతో ఉండండి, పిల్లలను చదివించండి, ధైర్యముగా ఉంటే విజయము మీదే అన్న మాటలు చెక్కుచెదరక నిలిచి ఉంటే, ఆ ప్రసంగాన్ని మినియాపోలిస్‌లో డీట్రిక్ కూడ చేయగలరు. ఆయన మనకంటే బాగుగా చేసియుండేవారు. పైగా తాను చేస్తున్నదేమిటో ఆయనకు తెలుసు. తెలియకుండానే అదే చేసి, మొదట ఒక ప్రార్థన, చివర ఒక ప్రార్థన జోడించే బోధకుని గూర్చియే మా విచారము.

ఏ మాటలు కొట్టివేస్తే ప్రసంగము కూలిపోతుందో అవే సువార్త. క్షమాపణ, మొర, పునరుత్థాన నిరీక్షణ అక్కడ ఉంటాయి. వాటిని మనము నమ్మి చెప్పుచున్నామా అన్న ప్రశ్నను 1911లో పిట్స్‌బర్గ్ సంఘము తన కాపరిని అడుగనందుకు ఒక బోధకుని పోగొట్టుకొన్నది. ఆ ప్రశ్నను ముందుగా మనలను మనమే అడుగుకొనుట మేలు.